ఇంటిల్లిపాదీ కలిసి కత్తెరతో వేసే బొమ్మ

సెలవురోజు పిల్లలతో బొమ్మలు వేయించాలనుకుంటే ముందు వాళ్లకు హెన్రీ మతీస్ కథ చెప్పండి. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఈ ఫ్రెంచి చిత్రకారుడు ఎక్కువగా మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమయ్యాడు. అయినా పని ఆపలేదు. సహాయకులు కాగితాలకు రంగు పూసి ఇచ్చేవారు, ఆయన కత్తిరించేవాడు, చెప్పినచోట వాళ్లు గోడకు గుచ్చేవారు. 1953 నాటి ‘నత్త’ అలా తయారైందే. ఒక్కో వైపు దాదాపు మూడు మీటర్లుంటుంది!

మన ఇంటికీ ఈ పని పంపకం చక్కగా సరిపోతుంది. పిల్లలు పోస్టర్ కలర్ పూస్తారు, కింద కూర్చోలేని నానమ్మో తాతయ్యో కుర్చీలోంచే కత్తిరిస్తారు. రంగు కాగితాలు కొనకండి. చేత్తో పూస్తే కుంచె చారలు కనిపిస్తాయి, అందమంతా అందులోనే ఉంది. పెన్సిల్‌తో గీయకుండా నేరుగా కత్తిరించండి. ఆకు వంపు రావాలంటే కత్తెర పట్టిన చెయ్యి అలాగే ఉంచి కాగితాన్ని తిప్పాలి. ఆకు తీసేశాక మిగిలిన కాగితం పారేయొద్దు, దాని మధ్యలో ఖాళీ కూడా ఆకే కదా. జిగురు మాత్రం చివర్లోనే. ఒకట్రెండు రోజులు గుండుసూదులతో ఉంచి, ఎవరికి తోచినట్టు వాళ్లను ముక్కలు జరపమనండి. చిన్నపిల్లలుంటే సూదులు గుచ్చే పని పెద్దవాళ్లే చూసుకోవాలి.