ఇల్లు లేనివారు శ్రీకాకుళం నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసుకునే విధానం

శ్రీకాకుళం నగరంలో ఇల్లు లేని కుటుంబం అడగగలిగే సాయం రెండు రకాలు: ఈ రాత్రికి తలదాచుకునే చోటు ఒకటి, శాశ్వతంగా ఇంటి స్థలమో ఇల్లో మరొకటి. వీటిని చూసే సిబ్బంది వేరు, నిబంధనలు వేరు. రెండు కోరికలనూ ఒకే అర్జీలో కలిపి రాసిస్తే అది ఎవరిదీ కాకుండా ఒక బల్ల నుంచి మరో బల్లకు తిరుగుతుంది గనుక, మొదటి నుంచే రెండు కాగితాలు విడివిడిగా రాసుకోవాలి.

తక్షణ వసతి కోసం నగరపాలక సంస్థ కార్యాలయంలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బందిని కలిసి, పట్టణ నిరాశ్రయుల వసతి గృహంలో చోటు కావాలని రాతపూర్వకంగా కోరాలి. లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే వసతి గృహాలు నడపాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఖాళీ లేదని చెబితే, ఆ మాటనే మీ అర్జీ మీద రాసి సంతకం చేయమని మర్యాదగా అడగండి. అక్టోబరు, నవంబరు నెలల తుపాన్లు మొదలయ్యేదాకా ఆగకుండా ముందే అడగడం మంచిది.

అసలు చిక్కు చిరునామా దగ్గర వస్తుంది. ఇల్లు లేదని అడగడానికి వెళ్లిన మనిషిని ప్రతి ఫారమూ ముందు ఇంటి నంబరే అడుగుతుంది! దీనికి నిబంధనల్లోనే దారి ఉంది. గుర్తింపు పొందిన వసతి గృహం నిర్వాహకులు నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆధార్ కేంద్రంలో చిరునామా రుజువుగా తీసుకుంటారు. ఓటరు నమోదుకైతే ఫారం 6లో మీరు నిద్రించే చోటును రాస్తే చాలు. బూత్ స్థాయి అధికారి ఒకటికంటే ఎక్కువ రాత్రులు వచ్చి, మీరు అక్కడే పడుకుంటున్నారని నిర్ధారించుకుంటే నివాసానికి వేరే రుజువు అక్కరలేదు. అందువల్ల "పాత బస్టాండు దగ్గర" అని ఊరుకోకుండా, "పాత బస్టాండుకు ఎదురుగా ఉన్న మందుల దుకాణం అరుగు మీద, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఐదు వరకు" అన్నంత స్పష్టంగా రాయాలి.

స్థలానికో ఇంటికో దరఖాస్తు పెట్టేముందు వార్డు సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్, అంటే ఎవరెవరిని ఏ కుటుంబం కింద లెక్కించారో చూపే నమోదు, సరిచూసుకోవాలి. మన జిల్లాలో చెన్నై, హైదరాబాదు పనులకు వలస వెళ్లి తిరిగి వచ్చినవారికి ఇక్కడే ఎక్కువగా దెబ్బ తగులుతుంది. పెళ్లై వేరుపడి ఏళ్లు గడిచినా, రికార్డులో తండ్రిగారి బియ్యం కార్డులోనే పేరు ఉంటే, ఆయన ఇల్లు, ఆయన మీటరు మీద కాలిన కరెంటు మీ ఖాతాలోకే వస్తాయి. వాడకం నెలకు 300 యూనిట్లు దాటితే ఆ కార్డుకే అర్హత పోతుంది. కనుక పెళ్లి ధ్రువపత్రం, ఆధార్ కార్డులు చూపించి ముందు కార్డు విభజన చేయించుకోండి. ఇది తేలకుండా పెట్టే దరఖాస్తు ఎంత బాగా రాసినా నిలవదు.

2025 జనవరి ఉత్తర్వుల ప్రకారం అర్హులైన పేదలకు పట్టణాల్లో 2 సెంట్లు, గ్రామాల్లో 3 సెంట్లు ఇంటి స్థలం ఇస్తారు. రాష్ట్రంలో మరెక్కడా సొంత ఇల్లు గానీ స్థలం గానీ ఉండకూడదు, గతంలో పట్టా పొంది ఉండకూడదు. పట్టా ఇంటి ఇల్లాలి పేరు మీద వస్తుంది కాబట్టి దరఖాస్తు కూడా ఆమె పేరుతోనే పెట్టడం సబబు. స్థలం ఉండి ఇల్లు లేనివారు ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద అడగవచ్చు. దీనికి ఏడాది ఆదాయం 3 లక్షల రూపాయలు మించకూడదు, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్లలో ప్రభుత్వ గృహ పథకం లబ్ధి పొంది ఉండకూడదు.

దరఖాస్తు ఇచ్చాక రసీదు నంబరు తీసుకోకుండా గడప దాటవద్దు. విచారణకు రెవెన్యూ సిబ్బంది వస్తారు గనుక, పగలు కూలికి వెళ్లేవారు ఏ వేళలో దొరుకుతారో, ఎవరి ఫోనుకు కబురు చేయాలో దరఖాస్తులోనే రాయాలి. మనిషి కనబడలేదన్న ఒక్క కారణంతో పక్కన పడే దరఖాస్తులు తక్కువేమీ కావు.

కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, పాత రసీదు నకలు జతచేసి అర్జీ ఇవ్వాలి. జనం నోట అది ఇప్పటికీ పాత పేరుతో స్పందనే, కొందరికి గ్రీవెన్సు. ఆ అర్జీ స్థితిని 1100కు ఫోన్ చేసి తెలుసుకోవచ్చు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద కోరండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు అందుకు రుసుము చెల్లించనక్కరలేదు, 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ జవాబులో ఏ నిబంధన కింద తోసిపుచ్చారో ఉంటుంది. దాన్ని సరిచేసే కాగితం జతపరిచి మళ్లీ దరఖాస్తు పెట్టాలి.