బాయిలర్ మూత దగ్గర ఆవిరి పోతోందా? నిమ్మగడ్డి నూనె తీసేవాళ్ళకు సమస్య - పరిష్కారం

40 లీటర్ల స్టీలు ఎలక్ట్రిక్ బాయిలర్ మూతకు రాగి గొట్టం బిగించి, ఇంటి దగ్గరే నిమ్మగడ్డి నూనె తీసేవాళ్ళ కోసం ఇది. లెక్కలన్నీ 2000 వాట్ల హీటరుకు వేసినవి. పూర్తిగా మూసుకుపోయే గీజరు ట్యాంకును దీనికి ఎప్పుడూ వాడకండి. ఇందులో బెల్లం ఊట పోసి సారా తీస్తే 1968 ఎక్సైజ్ చట్టం కింద నేరం. పైగా స్పిరిట్ ఆవిరి కరెంటు రవ్వకు భగ్గుమంటుంది. గడ్డి, నీళ్ళు తప్ప మరొకటి వద్దు.

మూత అంచుల్లో ఆవిరి బుసకొడుతోంది

అందరూ చేసే పని మూత మీద బండరాయి పెట్టడం. అది చేయొద్దు. స్విచ్ ఆపి, ముందు గొట్టం చూడండి. తప్పు ఎక్కువసార్లు మూతది కాదు, ఆవిరి బయటికి పోయే దారిది.

2000 వాట్ల హీటరు గంటకు దాదాపు 3 లీటర్ల నీటిని ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరి సుమారు 5,000 లీటర్ల చోటు అడుగుతుంది. లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లున్న గొట్టం పెడితే అంత ఆవిరి సాఫీగా పోలేదు, వెనక్కి తంతుంది. 35 సెంటీమీటర్ల వెడల్పు మూతకు, 10 సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళు మోపేంత స్వల్ప ఒత్తిడి చాలు, దాదాపు 9.5 కిలోల బలంతో పైకి లేస్తుంది. రాయి పెడితే ఒత్తిడి ఇంకా పెరిగి, మూత ఒక్కసారిగా ఎగిరి చేతులు, ముఖం కాలతాయి.

మూత నుంచి కండెన్సర్ (ఆవిరిని చల్లార్చే నీళ్ళ డ్రమ్ము) దాకా 22 మిల్లీమీటర్ల గొట్టం, ఆ తర్వాత ఆ డ్రమ్ములో 12 మిల్లీమీటర్ల రాగి చుట్ట 6 మీటర్లు పెట్టండి. ఏసీ మెకానిక్‌లకు సామాన్లు అమ్మే షాపుల్లో ఈ గొట్టం దొరుకుతుంది. చుట్ట పైనుంచి కిందికి ఎక్కడా తగ్గు లేకుండా దిగాలి. మధ్యలో ఒక్కచోట జారి వాలినా అక్కడ నీళ్ళు నిలిచి ఆవిరిని అడ్డుకుంటాయి. అప్పుడు చుక్కలు ఆగి ఆగి, గుడగుడమంటూ వస్తాయి. ఈ దారిలో వాల్వు అనేదే ఉండకూడదు.

దారి బాగున్నా ఆవిరి పోతుంటే అప్పుడు వాషరు చూడాలి. సైకిలు ట్యూబు రబ్బరు పనికిరాదు, నిమ్మగడ్డి నూనెకు మెత్తబడి ఉబ్బుతుంది, వాసన నూనెకు పడుతుంది. ఫుడ్ గ్రేడ్ సిలికాన్ వాషరు వేయండి. అది దొరికేదాకా గట్టిగా కలిపిన మైదా ముద్దను అంచు చుట్టూ అద్దినా పని నడుస్తుంది.

గొట్టం మూతకు కలిసే చోట కారుతోంది

పలుచటి మూతకు చిల్లి పెట్టి నట్టు బిగిస్తే, వేడికి రేకు వంగి వదులవుతుంది. హోటల్ సామాన్లు చేసే స్టీలు షాపులో 51 మిల్లీమీటర్ల ఫెర్రూల్ (క్లాంపు పట్టే అంచున్న పొట్టి స్టీలు గొట్టం) తీసుకుని ఆర్గాన్ వెల్డింగ్‌తో మూతకు అతికించి, పైన క్లాంపు వేయించండి. శుభ్రం చేసేటప్పుడు గొట్టం ఊడదీయడమూ తేలిక. ఏసీ మెకానిక్ వాడే రాగి-భాస్వరం కడ్డీ రాగిని రాగికి అతుకుతుంది కానీ, స్టీలుకు వాడితే అతుకు పెళుసై పగులుతుంది. సీసం కలిసిన సోల్డరు అసలే వద్దు. గొట్టం బరువు మూత మీద పడకుండా కింద స్టాండు పెట్టండి.

ఎంతసేపైనా చుక్క పడటం లేదు

ముందు థర్మోస్టాట్ చూడండి. టీ బాయిలర్లలో చాలావరకు నీళ్ళు మరగకముందే కరెంటు కోసేస్తాయి. అనంతపురం ఎత్తులో నీళ్ళు మరిగేది 99 డిగ్రీల దగ్గర, కాబట్టి సెట్టింగు పూర్తిగా పైకి తిప్పాలి. తర్వాత వోల్టేజి. 230 ఉండాల్సింది 190కి పడితే 2000 వాట్ల హీటరు 1,365 వాట్లే ఇస్తుంది, అంటే మూడో వంతు పోయినట్టే. మోటార్లు నడిచే వేళ కాకుండా వేరే సమయం చూసుకోండి.

మూడోది బోరు నీళ్ళు. కర్నూలు, కడప సున్నపురాయి నేలల్లో హీటరు మీద తెల్ల పెచ్చు తొందరగా కడుతుంది. పెచ్చు లోపల హీటరు అతిగా కాలి చెడిపోతుంది. లీటరుకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో హీటరు మునిగేలా గంట ఉంచి కడిగేయండి.

చివర నీళ్ళ బదులు ఆవిరే వస్తోంది

ఎండాకాలం ఇది తప్పనిసరిగా ఎదురయ్యే సమస్య. మిద్దె మీది ట్యాంకు నీళ్ళు 40 డిగ్రీలుంటాయి. 100 లీటర్ల డ్రమ్ము నీటిని కదలకుండా వదిలేస్తే గంటకు సుమారు 17 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది, రెండో గంటకు 70 దాటుతుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున అడుగు నుంచి చల్లనీళ్ళు ఎక్కించి, పైనుంచి వేడినీళ్ళు వదలండి. వదిలిన నీళ్ళను చెట్లకు పారించుకోవచ్చు. తెల్లవారుజామున మొదలుపెట్టడం అన్నిటికన్నా మంచి మందు.

నూనె రావడం లేదు, నీళ్ళు తెల్లగా మసకగా ఉన్నాయి

చుక్క వేడిగా పడితే నూనె నీళ్ళలో చెదిరిపోతుంది. చేత్తో తాకితే గోరువెచ్చగా, అంటే 40 డిగ్రీల లోపు ఉండాలి. నిమ్మగడ్డి నూనె నీటికన్నా తేలిక, పైన పసుపు పొరగా తేలుతుంది. అడుగు నుంచి నీళ్ళు జారిపోయే గాజు పాత్రలో పట్టండి. ప్లాస్టిక్ వద్దు.

5 కిలోల గడ్డికి 15 నుంచి 20 మిల్లీలీటర్లు వస్తే మంచి లెక్క. అంతకన్నా బాగా తక్కువైతే గడ్డిని చూడాలి. కోసిన గడ్డిని ఒక రోజు నీడలో వడలనివ్వాలి, ఎండలో వేస్తే నూనె గాలికి పోతుంది. మరీ కుక్కితే ఆవిరి ఒకటే సందు చేసుకుని పోతుంది, మిగతా గడ్డి పచ్చిగానే ఉంటుంది.

నూనెలో మాడు వాసన

గడ్డి హీటరుకు తగిలిందన్నమాట. నీటి మట్టానికి 5 సెంటీమీటర్ల పైన చిల్లుల స్టీలు పళ్ళెం పెట్టి దాని మీదే గడ్డి వేయాలి. మొదట 12 లీటర్ల నీళ్ళు పోస్తే రెండున్నర గంటలకు 4 లీటర్ల పైనే మిగులుతాయి. హీటరు ఎప్పుడూ మునిగే ఉండాలి.

ఆపగానే పట్టిన నీళ్ళు వెనక్కి లాగేస్తోంది

లోపలి ఆవిరి చల్లబడి కుంచించుకుంటుంది కాబట్టి లాగుతుంది. గొట్టం కొసను పాత్రలోని నీళ్ళలో ముంచకండి, రెండు వేళ్ళ ఎడం ఉంచండి.

ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పడిపోతోంది

మూత నుంచి కారిన ఆవిరి హీటరు టెర్మినళ్ళ మీద తడిగా చేరి ఉండొచ్చు. ప్లగ్గు పీకి, ఆరబెట్టి చూడండి. మళ్ళీ పడిపోతే హీటరు లోపల దెబ్బతిన్నట్టే, మార్చండి. ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. 2000 వాట్లకు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, సరైన ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్నచోటే బాయిలర్ పెట్టండి.