డ్యూస్ బంతితో తొలి వేసవి

మా మేనకోడలికి పన్నెండేళ్లు. ఈ వేసవి సెలవుల్లో క్రికెట్ శిబిరంలో చేరతానంటే మా అక్క సరేనంది, కిట్ కొనే పని మాత్రం నాకు అప్పగించింది. దుకాణం నుంచి రాగానే ఆ పిల్ల చేతుల్లో రెండు బంతులు పెట్టాను. ఒకటి ఇన్నాళ్లూ వీధిలో ఆడిన టెన్నిస్ బంతి. రెండోది కొత్త లెదర్ బంతి, మన పిల్లల భాషలో డ్యూస్ బంతి. వంటింటి త్రాసు మీద మొదటిది 58 గ్రాములు తూగింది, రెండోది 158. మోకాలి ఎత్తు నుంచి రెండింటినీ గచ్చు మీద వదలమన్నాను. టెన్నిస్ బంతి ఎగిరెగిరి సోఫా కిందికి పోయింది. డ్యూస్ బంతి ఠప్పుమని పడి అక్కడే చతికిలబడింది. "ఏం పగలగొట్టారర్రా?" అని లోపలి నుంచి మా అమ్మ కేక వేసింది. చూస్తే నిజంగానే పలక అంచు పెచ్చు లేచింది.

తప్పు నాదే. 158 గ్రాములన్నది పెద్దవాళ్లు, అందులోనూ మగవాళ్లు ఆడే బంతి. పదమూడేళ్లలోపు పిల్లలకు 133 నుంచి 144 గ్రాముల చిన్న బంతి ఉంది, చుట్టుకొలత కూడా తక్కువ. దుకాణదారు అడగలేదు, నేను చెప్పలేదు. మర్నాడు వెళ్లి మార్చుకొచ్చాను. మీ పిల్లలు చేరబోయే శిబిరంలో ఏ బంతి వాడుతున్నారో ముందే అడగండి. సమాధానం తడుముకుంటే ఆ శిబిరం గురించి మరోసారి ఆలోచించుకోవచ్చు.

మా అక్కకు క్రికెట్ అంటే టీవీలో వినిపించే గోల. ఆమెలాంటి వారి కోసం ముందు ఆట సంగతి చెబుతాను. జట్టుకు పదకొండు మంది. మైదానం మధ్యలో 22 గజాల పిచ్, అంటే 20 మీటర్ల పైచిలుకు. రెండు కొసల్లోనూ 71 సెంటీమీటర్ల ఎత్తున మూడేసి స్టంపులు, వాటి మీద రెండేసి బెయిల్స్, అంటే చిన్న కర్రముక్కలు, ఉంటాయి. ఇదంతా కలిపి వికెట్టు. బ్యాటింగ్ జట్టు నుంచి ఇద్దరే మైదానంలో ఉంటారు, చెరో కొసన. అవతలి జట్టు మొత్తం దిగుతుంది: ఒకరు బౌలర్, ఒకరు వికెట్ల వెనుక కీపర్, మిగిలిన తొమ్మిది మంది చుట్టూ ఫీల్డర్లు. ఆరు బంతులు వేస్తే ఒక ఓవర్. తర్వాతి ఓవర్ రెండో కొస నుంచి మరొకరు వేస్తారు. కొట్టిన బంతి తిరిగొచ్చేలోగా బ్యాటర్లిద్దరూ ఎన్నిసార్లు కొసలు మారితే అన్ని పరుగులు. బంతి నేలను తాకి బౌండరీ, అంటే మైదానం అంచు, దాటితే నాలుగు, నేల తాకకుండా దాటితే ఆరు. బంతి స్టంపులను పడగొట్టినా, కొట్టిన బంతిని కింద పడకముందే పట్టుకున్నా, పరుగు తీస్తూ క్రీజు (స్టంపుల ముందు గీసిన గీత) చేరేలోగా వికెట్టును కూల్చినా, స్టంపులకు తగలవలసిన బంతికి కాలు అడ్డుపడినా బ్యాటర్ ఔట్. పదిమంది ఔటైతేనో, ఓవర్లు అయిపోతేనో రెండో జట్టు వంతు వస్తుంది. ఇరవై ఓవర్ల ఆటకు ఒక పూట చాలు, యాభై ఓవర్లది రోజంతా సాగుతుంది, టెస్టు ఐదు రోజులు.

నియమాలు ఇంకా చాలా ఉన్నాయి కానీ దెబ్బలు ఎక్కడ తగులుతాయో గ్రహించడానికి ఇవి చాలు. పిల్ల బ్యాటు పట్టుకుని నిలబడితే తల్లి గుండె దడదడలాడుతుంది. నిజానికి ఆ క్షణంలో పిల్ల ఒంటినిండా కవచం ఉంటుంది, కళ్లు బంతి మీదే ఉంటాయి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి పిచ్ దాటడానికి ముప్పావు సెకను కూడా పట్టదు. చూస్తున్నవారికే చాలీచాలని సమయం అది. చూడనివారి సంగతి వేరే చెప్పాలా? అందుకే నా భయమంతా బంతి మీద చూపు లేనివారి గురించే.

అలాగని బ్యాటర్ హెల్మెట్ విషయంలో రాజీ పడమని కాదు. అన్నయ్యది పాతది ఉందిగా, దాంతో సరిపెట్టుకోమనవద్దు. పెట్టుకుని తల విదిలిస్తే హెల్మెట్ తలతో పాటు కదలాలి, విడిగా ఊగకూడదు. గడ్డం కింది పట్టీ బిగించకపోతే అది టోపీతో సమానం. ముందరి ఇనుప గ్రిల్‌కూ పైఅంచుకూ మధ్య సందులోంచి బంతిని లోపలికి తోసి చూడండి. పిల్లలు ఆడబోయే చిన్న బంతితోనే ఈ పరీక్ష చేయాలి, ఎందుకంటే పెద్ద బంతి పట్టని సందులో చిన్నది దూరిపోవచ్చు. ఇక మెడ సంగతి. 2014 నవంబరు 25న సిడ్నీలో బ్యాటింగ్ చేస్తున్న ఆస్ట్రేలియా ఆటగాడు ఫిలిప్ హ్యూస్‌కు బంతి హెల్మెట్ కింద, మెడ పక్కన తగిలింది. రెండు రోజులకు అతను మరణించాడు. హెల్మెట్ వెనుక తగిలించే మెడ కవచాలు ఆ తర్వాతే వాడుకలోకి వచ్చాయి. ఫాస్ట్ బౌలింగ్‌ను ఎదుర్కొనేటప్పుడు వాటిని ఆస్ట్రేలియా 2023లో తప్పనిసరి చేసింది. పిల్లల హెల్మెట్ కొనేటప్పుడే దాన్నీ అడిగి తీసుకోండి.

ప్యాడ్లు, గ్లవ్స్, పొత్తికడుపు గార్డు, తొడకు కట్టే థై ప్యాడ్ గురించి శిబిరంలో చెబుతారు. అమ్మాయిలకు ఛాతీ గార్డు ఉంటుందని చాలామంది చెప్పరు. అడగడానికి పిల్లలు సిగ్గుపడతారు కాబట్టి ఆ మాట ఇంట్లోనే తేల్చేయాలి.

ఇప్పుడు ఫీల్డర్ల దగ్గరికి వద్దాం. భారత జట్టుకు ఆడిన రమణ్ లాంబా 1998 ఫిబ్రవరిలో ఢాకాలో ఒక క్లబ్ మ్యాచ్ ఆడుతూ బ్యాటర్‌కు బాగా దగ్గరగా, ఫార్వర్డ్ షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు. హెల్మెట్ తెప్పించమంటావా అని అడిగితే ఓవర్లో మిగిలింది మూడు బంతులే కదా అన్నాడని చెబుతారు. బ్యాటర్ బలంగా కొట్టిన బంతి అతని తలకు తగిలి ఎగిరింది, దాన్ని కీపర్ క్యాచ్ పట్టాడు. లాంబా లేచి నడిచే బయటకు వెళ్లాడు. ఆ తర్వాత పరిస్థితి విషమించింది, మూడు రోజులకు కన్నుమూశాడు. ఇంగ్లండులో పదిహేనేళ్లలోపు పిల్లలు బ్యాటర్‌కు 8 గజాల కన్నా దగ్గరగా నిలబడకూడదు, పదమూడేళ్లలోపు వారైతే 11 గజాలు. బ్యాటర్ వెనుక ఆఫ్ సైడు (కుడిచేతి బ్యాటర్ అయితే కుడివైపు) కీపర్ పక్కన నిలబడే స్లిప్పుల్లో మాత్రం మినహాయింపు ఉంది. మన మైదానాల్లో దీన్ని అమలు చేసేవారు ఉండరు, మీరే పదకొండు అంగలు వేసి చూపించండి. బంతిని నెమ్మదిగా తిప్పి వేసే స్పిన్నర్ వేస్తుంటే వికెట్లకు ఆనుకుని కూర్చునే కీపర్‌కూ హెల్మెట్ కావాలి. దక్షిణాఫ్రికా కీపర్ మార్క్ బౌచర్ కంటికి 2012లో తగిలింది బంతి కూడా కాదు, ఎగిరివచ్చిన బెయిల్. అతని కెరీర్ ఆ రోజుతో ముగిసింది.

శిబిరంలో మొదటి వారం ఎక్కువగా దెబ్బతినేవి వేళ్లు. టెన్నిస్ బంతిని లాక్కుని పట్టడానికి అలవాటుపడ్డ చేతులు డ్యూస్ బంతికీ వేళ్లు ముందుకు చాచి ఎదురెళతాయి. బంతి వేలికొన మీద గుద్దితే కణుపు బెణుకుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. నడుము కంటే పైకొచ్చే బంతికి వేళ్లు ఆకాశం వైపు, కిందికొచ్చే దానికి నేల వైపు ఉండాలి. బంతి అరచేతిలో పడగానే చేతులు ఒంటివైపు వెనక్కి రావాలి. దెబ్బ తగిలాక పక్కనున్న పెద్దమనిషి "ఏం కాదు, సరిచేస్తా" అంటూ వేలు పట్టి లాగబోతాడు. అతణ్ని ఆపండి. గుడ్డలో చుట్టిన ఐసుముక్క పెట్టండి. వేలికొన వాలిపోయి తనంతట తాను లేవకపోతే ఎక్స్‌రే తీయించండి. పసుపు, సున్నం పట్టు వేసి వారం ఆగితే ఆ వేలు వంకరగానే అతుక్కుంటుంది.

నెట్స్‌లో (వలలు కట్టిన సాధన స్థలంలో) జాగ్రత్త మరీ ముఖ్యం. అక్కడ ఒకేసారి నలుగురైదుగురు బౌలర్లు వరుసగా వేస్తారు. వేసిన బంతిని ఏరుకోవడానికి వంగిన పిల్లవాడికి, పక్క నెట్‌లోంచి బంతి వస్తోందని తెలియదు. వల వెనుక నిలబడే తల్లిదండ్రులు దానికి ఆనుకుని నిలబడకూడదు, వల సాగుతుంది. ఒకే మైదానంలో నాలుగు మ్యాచ్‌లు జరగడం మనకు మామూలు. 2024 జనవరిలో ముంబయిలోని మాటుంగాలో ఒక మ్యాచ్‌లో ఫీల్డింగ్ చేస్తున్న వ్యక్తికి పక్క మ్యాచ్‌లో కొట్టిన బంతి చెవి వెనుక తగిలి ప్రాణం పోయింది. అలాంటి చోట మీ పిల్లలు ఏ వైపు తిరిగి నిలబడితే ఏ మ్యాచ్‌కు వీపు చూపిస్తున్నారో చూసుకోండి. బంతి జనం మీదికి పోతుంటే కొట్టినవారే గట్టిగా అరవాలి, విన్నవారు తల తిప్పి చూడకుండా రెండు చేతులతో తల కప్పుకుని కూర్చోవాలి. ఈ రెండోది ఇంట్లో ఐదారుసార్లు ఆటలా చేయించండి, ఎందుకంటే చూడాలనిపించడం మనిషి స్వభావం.

అన్నిటికంటే పెద్ద బౌలర్ మన సూర్యుడు. 1986 సెప్టెంబరులో చెన్నై చెపాక్‌లో ఆస్ట్రేలియా బ్యాటర్ డీన్ జోన్స్ 210 పరుగులు చేశాడు. మధ్యలో పిచ్ పక్కన వాంతులు చేసుకున్నాడు, ఔటయ్యాక ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. అది సెప్టెంబరు, అతను టెస్టు స్థాయి ఆటగాడు. మన పిల్లలు ఆడబోయేది మే నెలలో, రాయలసీమలోనో తెలంగాణలోనో 43 డిగ్రీల ఎండలో, తలకు హెల్మెట్‌తో. ఉదయం ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించే శిబిరమైతేనే చేర్చండి. సాయంత్రమైతే ఐదు దాటాక. దాహం వేశాక తాగడం కాదు, ఇరవై నిమిషాలకోసారి తాగాలి. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగను మించింది నాకు కనిపించలేదు. ఓఆర్ఎస్ పొట్లం కలిపితే దాని మీద రాసినంత నీళ్లే పోయాలి, చిక్కగా కలిపితే ఎక్కువ బలం అనుకోవద్దు. పిల్లవాడు తడబడుతూ మాట్లాడుతున్నా, పొంతన లేకుండా బదులిస్తున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే. నీడలోకి తెచ్చి, ఒంటినిండా నీళ్లు పోసి, విసురుతూ 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

మే నెల సాయంత్రాల్లో ఉన్నట్టుండి మబ్బు పట్టి గాలిదుమారం లేస్తుంది. మెరుపు కనిపించాక ముప్పై లెక్కపెట్టేలోగా ఉరుము వినిపిస్తే పిడుగు మీకు దగ్గరలోనే ఉందని అర్థం. ఈ ఓవర్ అయ్యాక పోదామనకండి. చెట్టు కిందికి కాదు, పక్కా భవనంలోకో తలుపులు మూసిన కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట వరకు బయటకు రాకూడదు. ఫోనులో పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ ఉంటే కొంత ముందుగానే తెలుస్తుంది.

బంతి మైదానం దాటాక మొదలయ్యే ప్రమాదాలు ఏ కోచింగ్ పుస్తకంలోనూ ఉండవు. వ్యవసాయ బావి, ట్రాన్స్‌ఫార్మర్ కంచె, మేడ మీద కిందికి వేలాడే కరెంటు తీగ, పొదల్లో పాము. మూడు బంతులు ఎక్కువ కొని ఇవ్వండి. పోయిన బంతికి ఇంట్లో తిట్లు పడవని పిల్లలకు తెలిస్తే బావిలోకి దిగరు.

వేగంగా బంతులు వేసే పిల్లలకు వెన్ను ముఖ్యం. ఎదిగే వయసులో రోజూ అదేపనిగా బౌలింగ్ చేస్తే నడుం ఎముకలో సన్నటి పగులు వస్తుంది. 2019లో భారత ఫాస్ట్ బౌలర్ బుమ్రాను ఆటకు దూరం చేసింది అలాంటిదే. ఒక వైపే నడుం నొప్పి అంటే "అలవాటైపోతుంది" అని సర్దిచెప్పకుండా బౌలింగ్ ఆపించి వైద్యుడికి చూపించండి.

చివరిగా, తలకు దెబ్బ. పిల్లలు నవ్వుతూ లేచి నిలబడ్డా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లోనే 2019 నుంచి తలకు దెబ్బ తగిలి అదిరినవారి బదులు మరొకరిని దింపుతున్నారు. వాంతి, మత్తు, చూపు మసకబారడం, తలనొప్పి పెరుగుతూ పోవడం, అడిగిందే మళ్లీ అడగడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్లీ వాడకూడదు, పైకి గీత కూడా లేకపోయినా లోపల చిట్లి ఉండవచ్చు. దాన్ని శిబిరం కిట్ సంచిలో వదిలేయకండి. కత్తెరతో గడ్డం పట్టీ కత్తిరించి పారేయండి, లేకపోతే మర్నాడు ఉదయం ఆరింటికి ఇంకెవరి పిల్లో దాన్ని తలకు పెట్టుకుంటుంది.