యార్క్ నగరంలోని చారిత్రక కట్టడాలను చూడడం ఎలా?

ఇంగ్లండ్ ఉత్తర భాగంలోని యార్క్ నగరాన్ని చూడబోయేవారు, ఏయే కట్టడాలను చూడాలనే దానికన్నా ముందు, రోజుకు ఎన్నింటిని చూడాలో నిర్ణయించుకోవాలి. రోమన్లు క్రీ.శ. 71లో ఇక్కడ సైనిక స్థావరాన్ని నెలకొల్పిన తరువాత ఆంగ్లులు, వైకింగులు, నార్మన్లు ఒకరి పునాదుల మీద మరొకరు కట్టుకుంటూ పోయారు కాబట్టి, కాలినడకన తిరగగలిగినంత చిన్న ప్రాంతంలోనే చూడదగిన స్థలాలు కిక్కిరిసి ఉన్నాయి. అన్నిటికీ టికెట్లు కొని ఒక్క రోజులో ముగించాలనుకుంటే ఏ ఒక్కటీ మనసులో నిలవదు. టికెట్టు పెట్టి చూసేవి రోజుకు రెండు చాలునని నా అభిప్రాయం. రుసుము లేకుండా చూడగలిగినవి ఇక్కడ చాలానే ఉన్నాయి, అవి ఏ విధంగానూ తక్కువవి కావు.

లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి యార్క్‌కు రైలులో సుమారు రెండు గంటలు పడుతుంది. యార్క్ స్టేషన్ నగర ప్రాకారానికి వెలుపల, దానికి అతి సమీపంలో ఉంది. కారులో వచ్చేవారు దానిని ఊరి అంచునున్న పార్క్ అండ్ రైడ్ స్థలంలో నిలిపి బస్సులో రావడం మేలు. కేంద్ర ప్రాంతంలోని వీధులు ఇరుకైనవి, వాటిలో చాలావాటిలోకి పగటివేళ వాహనాలను అనుమతించరు. రాతిపలకలు పరిచిన దారులు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి జారని చెప్పులు అవసరం.

స్టేషన్ నుంచి లెండల్ వంతెన దాటి మ్యూజియం గార్డెన్స్‌లోకి వెళ్లాలి. అక్కడున్న మల్టాంగులర్ టవర్ అనే బురుజు ముందు కాసేపు ఆగితే, ఈ నగరాన్ని ఎలా చూడాలో అదే నేర్పుతుంది. కింది భాగంలోని చిన్న రాళ్లు, వాటి మధ్య సాగిన ఎర్ర ఇటుకల పట్టీ రోమన్ల పని. పైనున్న పెద్ద రాళ్లు, బాణాలు వేయడానికి వదిలిన సందులు మధ్యయుగం నాటివి. అదే తోటలో ఎనిమిదవ హెన్రీ కాలంలో, 1539లో మూతపడిన సెయింట్ మేరీస్ మఠం శిథిలాలు కూడా ఉన్నాయి.

తోట నుంచి కొద్ది నిమిషాల నడకలో బూథమ్ బార్ అనే నగరద్వారం వస్తుంది. ప్రాకారం మీదికి ఇక్కడే ఎక్కాలి. దాని మొత్తం పొడవు సుమారు 3.4 కిలోమీటర్లు, అంతా చుట్టి రావడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. ఉదయాన్నే తలుపులు తెరుస్తారు, చీకటి పడే వేళకు మూసివేస్తారు, మంచు గడ్డకట్టిన రోజులలో అసలు తెరవరు. సమయం తక్కువగా ఉన్నవారు బూథమ్ బార్ నుంచి మంక్ బార్ వరకు నడిస్తే చాలు. రోమన్ కోట అంచు వెంబడే సాగే ఈ భాగం నుంచి కేథడ్రల్ వెనుక తోటలతో సహా నిండుగా కనిపిస్తుంది. గోడకు లోపలివైపు చాలాచోట్ల కటకటాలు లేవు కాబట్టి చిన్నపిల్లలను చేయి పట్టుకొని నడిపించాలి.

మంక్ బార్ దగ్గర దిగి, కేథడ్రల్ అయిన యార్క్ మిన్‌స్టర్‌ను ఉదయం పూటే చూడాలి. దీనికి కారణం వెలుగు. తూర్పు గోడనున్న మహాగవాక్షానికి ఎండ పొద్దుటిపూటే వెనుక నుంచి తగులుతుంది. టెన్నిస్ కోర్టంత విస్తీర్ణం గల ఈ రంగుటద్దాల కిటికీని జాన్ థోర్న్‌టన్ అనే కళాకారుడు 1405 నుంచి 1408 వరకు, మూడేళ్లలో పూర్తిచేశాడు. అతనికి ముట్టినది మొత్తం 56 పౌండ్లు. సృష్టి మొదలుకొని ప్రళయం వరకు బైబిలు కథ మూడు వందలకు పైగా ఫలకాలలో సాగుతుంది. పై వరుసలు కంటికి అందవు కాబట్టి బైనాక్యులర్ తీసుకువెళ్లడం ఎంతో ఉపయోగకరం, కెమెరాకన్నా అవసరం కూడా. 1644లో, రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధ సమయంలో నగరం పార్లమెంటు సేనలకు లొంగిపోయినప్పుడు, ఆ పక్షపు సేనాని థామస్ ఫెయిర్‌ఫాక్స్ ఈ అద్దాలకు రక్షణ కల్పించాడు; ఇంగ్లండ్‌లో ఇన్ని మధ్యయుగపు కిటికీలు ఒకేచోట మిగలడానికి అది ఒక ముఖ్య కారణం.

తరువాత ఉత్తరపు బాహువులోని (శిలువ ఆకారపు కట్టడంలో పక్కకు చాచిన భాగం) ‘ఫైవ్ సిస్టర్స్’ కిటికీల వద్దకు వెళ్లాలి. పదమూడవ శతాబ్దానికి చెందిన వీటిలో బొమ్మలు దాదాపు లేవు. బూడిదవన్నె గాజులో అల్లికలు మాత్రమే కనిపిస్తాయి. రంగుల కోసం వచ్చినవారు వీటిని దాటిపోతుంటారు, అది అన్యాయం. పక్కనున్న అష్టభుజాకారపు చాప్టర్ హౌస్‌లో, అంటే మతాధికారుల సమావేశ మందిరంలో, నడిమి స్తంభం లేకుండానే కప్పు నిలిచి ఉంది. దక్షిణ బాహువు పైకప్పు 1984 జులై 9న అగ్నిప్రమాదంలో కూలిపోయింది. పునర్నిర్మించిన కప్పులోని చెక్కడాలలో ఆరింటిని పిల్లలు ఒక టెలివిజన్ పోటీలో గెలిచి రూపకల్పన చేశారు. నేలమాళిగను వదిలిపెట్టకూడదు: 1967–72 మధ్య గోపురం పునాదులను బలపరుస్తూ తవ్వినప్పుడు రోమన్ సైనిక కేంద్ర భవనపు అవశేషాలు బయటపడ్డాయి. క్రీ.శ. 306లో కాన్‌స్టంటైన్‌ను సైనికులు చక్రవర్తిగా ప్రకటించింది ఈ నగరంలోనే. గోపురం ఎక్కడానికి వేరే టికెట్టు కావాలి. మెట్లు 275, దారి ఇరుకు. మోకాళ్ల నొప్పులున్నవారికి ప్రాకారం మీది నడకే చాలు.

అక్కడి నుంచి గుడ్‌రామ్‌గేట్ వీధికి వస్తే, 1316లో కట్టిన లేడీ రో ఇళ్ల వెనుక హోలీ ట్రినిటీ అనే చిన్న చర్చి దాగి ఉంటుంది. గది గదిగా తలుపులున్న పాత చెక్క ఆసనాలు, ఒరిగిన నేల ఇక్కడి ప్రత్యేకత. ప్రవేశ రుసుము లేదు. హుండీలో కొంత వేయడం మర్యాద.

మధ్యాహ్నానికి రెండవ టికెట్టుగా మర్చంట్ అడ్వెంచరర్స్ హాల్‌ను ఎంచుకోవాలని సూచిస్తాను. 1357లో మొదలైన ఈ భవనంలో పైన వర్తకుల కలప సభామందిరం, కింద పేదల ఆశ్రయం, ప్రార్థనాలయం ఒకే కప్పు కింద ఉన్నాయి. వైకింగుల మీద ఆసక్తి గలవారు, 1976–81 తవ్వకాలు జరిగిన చోటనే నెలకొన్న యార్విక్ అనే వైకింగ్ ప్రదర్శన కేంద్రానికి ముందుగా టికెట్టు బుక్ చేసుకోవచ్చు. దిబ్బ మీదున్న క్లిఫర్డ్స్ టవర్ అనే కోట బురుజుకు వెళ్లేవారు ఒక విషయం తెలుసుకొని ఎక్కాలి. 1190 మార్చిలో మూక దాడికి భయపడి ఈ దిబ్బ మీది కోటలో తలదాచుకున్న సుమారు 150 మంది యూదులలో అత్యధికులు తమ ప్రాణాలు తామే తీసుకున్నారు, మిగిలినవారిని చంపివేశారు. అప్పటి కట్టడం చెక్కది. ఇప్పటి రాతి బురుజు పదమూడవ శతాబ్దానికి చెందినది.

ఆదివారం ఒక్కటే వీలయ్యేవారు ఈ క్రమాన్ని తిరగవేసుకోవాలి. ఆ రోజు ఉదయం మిన్‌స్టర్‌లో ప్రార్థనలు జరుగుతాయి, సందర్శకులను మధ్యాహ్నం తరువాతే లోపలికి అనుమతిస్తారు. అలాంటప్పుడు ప్రాకారాన్ని, హాల్‌ను ముందు ముగించుకొని, మిన్‌స్టర్‌లో తూర్పు కిటికీకి బదులు పడమటి కిటికీ ముందు ఎక్కువసేపు గడపాలి. 1330ల చివరలో రూపొందిన, హృదయాకారపు రాతి అల్లిక గల ఆ కిటికీకి సాయంకాలపు ఎండే సరైనది.