కాలనీ రూల్స్ దాటకుండా ఇంటి ముందు నడకదారి వేయించుకోవడం ఎలా?

శ్రీకాకుళం చుట్టుపక్కల కొత్త లేఔట్లలో ఎక్కడ చూసినా ఇదే తంతు. గేటు నుంచి మెట్ల దాకా పేవర్ బ్లాకులు వేయిస్తారు. గృహప్రవేశం ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. మొదటి అల్పపీడనానికే మెట్టు ముందు చీలమండ లోతు నీళ్లు. ఆ నీళ్లు పక్కింటి ప్రహరీ కిందికో, కాలనీ రోడ్డు మీదికో పోయాయంటే అసోసియేషన్ నుంచి నోటీసు. అప్పుడు బ్లాకులు బాలేవని షాపువాడిని తిడతారు. తప్పు బ్లాకులది కాదు, వాటానిది, అంటే నీరు పోవడానికి ఇచ్చే వాలుది.

ముందు కాగితం పని

అసోసియేషన్ బైలాస్, అంటే కాలనీ నియమావళి, తెప్పించుకుని చదవండి. కాలనీకో తీరు ఉన్నా మామూలుగా కనిపించేవి ఇవి: గేటు బయట ర్యాంపు రోడ్డు మీదికి రాకూడదు, కాలువ మీద కదలని కాంక్రీటు పోయకూడదు, ముందున్న ఖాళీ స్థలం అంతా సిమెంటు చేసేయకూడదు, వాన నీరు పక్కవాళ్ల వైపు వదలకూడదు. వాట్సాప్ గ్రూపులో ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టారని అనుమతి వచ్చేసినట్టు కాదు. కొలతలతో బొమ్మ గీసి, బ్లాకు ఫొటో జత చేసి ఉత్తరం ఇవ్వండి. రెండో కాపీ మీద సంతకం పెట్టించుకోండి. ఇసుక, గ్రావెల్ రాత్రిపూట రోడ్డు మీద ఉంచొచ్చా లేదా అన్నది కూడా అప్పుడే అడిగేయండి.

ఈ రూల్స్ కోసమే నేను ఇసుక మీద పరిచే బ్లాకులు తప్ప ఇంకేదీ వేయనివ్వను. కాంక్రీటు పోస్తే అది కట్టడం. దాని మీద ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు, పగలగొట్టమనొచ్చు. ఇసుక మీద బ్లాకులైతే ఎప్పుడు కావాలంటే అప్పుడు లేపి మళ్లీ పరచొచ్చు. కింద నీళ్ల పైపు పగిలినా పది బ్లాకులు తీసి బాగు చేసుకుంటే సరి. కొంత నీరు సందుల్లోంచి భూమిలోకి ఇంకుతుంది కూడా. టెక్కలి వైపు నుంచి చవగ్గా వస్తున్నాయని పాలిష్ గ్రానైట్ ముక్కలు పరిచేవాళ్లున్నారు. వానలో వాటి మీద ఒక్కసారి కాలు జారితే ఆ చవక ఎంత ఖరీదో తెలుస్తుంది.

రంగు బూడిద రంగే. ఎరుపు, పసుపు కలిపి పువ్వులు పేర్చడం పెట్రోలు బంకులకు వదిలేయండి. వెడల్పు నాలుగడుగులు. మూడడుగులైతే ఇద్దరు పక్కపక్కన నడవలేరు, అయిదైతే మొక్కలకు చోటు మిగలదు.

సామాను, తవ్వకం

60 మిల్లీమీటర్ల మందం బ్లాకులు, గ్రావెల్, జల్లించిన ఏటి ఇసుక, అంచులకి కెర్బ్ రాళ్లు, లెవెల్ పైపు, రసమట్టం, దారం, మేకులు, దిమ్మిస. నేలని అణిచే కాంపాక్టర్ మిషన్ రోజు అద్దెకి దొరుకుతుంది. సముద్రం ఇసుక వద్దు, ఉప్పు పైకి తేలి బ్లాకులు తెల్లబడతాయి. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి జూన్ లోపు ముగించండి. అక్టోబరు మాత్రం నమ్మొద్దు. 2018లో తిత్లీ తుఫాను మన జిల్లాలో తీరం దాటింది అక్టోబరు 11నే.

నాలుగంగుళాల గ్రావెల్, అంగుళం ఇసుక, పైన బ్లాకు. అంటే ఏడున్నర అంగుళాలు తవ్వాలి. రేగడి నేలైతే గ్రావెల్ ఆరంగుళాలు చేసి, ఆ మేరకు లోతు పెంచండి. అడుగుని దిమ్మిసతో గట్టిగా కొట్టండి.

వాటం: పని చెడేది ఇక్కడే

మేస్త్రిని వాటం సంగతి అడిగితే "ఏటవుద్ది బాబూ, నీరు అదే ఎలిపోద్ది" అంటాడు. పోదు. మనం చూపించిన వైపే పోతుంది.

నీరు గేటు వైపు పోకూడదు, పక్కనున్న మొక్కల పాదులోకి పోవాలి. నాలుగడుగుల వెడల్పుకి అంగుళం వాటం. నిడివిలో మెట్ల నుంచి గేటు దాకా ఇరవై అడుగులకి రెండంగుళాలు దించితే చాలు, నీటిలో ఎక్కువ భాగం పక్కకే దిగిపోతుంది. దక్షిణం ఫేసింగ్ ఇళ్లలో ఇంకో తగువు వస్తుంది. నీరు ఈశాన్యానికే పోవాలని ఇంట్లో పెద్దాయన అంటారు, ఈశాన్యం చూస్తే ఇంటి వెనకుంది. తూర్పు వైపు పాదుకి వాటం ఇస్తే ఆయనా ఊరుకుంటారు, అసోసియేషనూ ఊరుకుంటుంది.

అసలు కిటుకు ఏమిటంటే, వాటం గ్రావెల్‌లోనే వచ్చేయాలి. మన దగ్గర గ్రావెల్ మట్టంగా పరిచేసి, ఒక పక్క అంగుళం, రెండో పక్క రెండంగుళాలు ఇసుక పోసి వాటం తెప్పిస్తారు. ఆ రోజుకి కొలత సరిగ్గానే ఉంటుంది. ఇసుక మందంగా ఉన్నచోట ఎక్కువ, పల్చగా ఉన్నచోట తక్కువ దిగుతుంది. రెండు వర్షాకాలాలు గడిచేసరికి వాటం పోయి దారిలో గుంటలు. ఇసుక అన్నిచోట్లా ఒకే మందం ఉండి తీరాలి.

దీనికి నేను వాడే పనిముట్టు ఖరీదేమీ లేనిది. నాలుగడుగుల వంకర లేని అల్యూమినియం పట్టీ తీసుకుని, ఒక కొన కింద అంగుళం మందం చెక్కముక్క కట్టండి. చెక్క ఉన్న కొన పల్లం వైపు పెట్టి, పట్టీ మీద రసమట్టం ఉంచండి. బుడగ నడిమికి వస్తే వాటం కుదిరినట్టే. ప్రతి రెండడుగులకీ ఇలా చూసుకుంటూ వెళ్లాలి. గ్రావెల్ రెండు పొరలుగా పరిచి, నీళ్లు చల్లి, ఒక్కో పొరనీ మిషన్‌తో అణచండి. అణచిన ప్రతిసారీ పట్టీ వేయండి, ఎందుకంటే మిషన్ కింద వాటం కదిలిపోతుంది.

నిడివి వాటానికి లెవెల్ పైపు, అంటే నీళ్లు నింపి రెండు చోట్ల మట్టం పోల్చే సన్న పారదర్శక గొట్టం. పైపులో ఒక్క గాలి బుడగ ఉన్నా కొలత అబద్ధం చెబుతుంది. నీళ్లు నింపాక రెండు కొనలూ పక్కపక్కన పట్టుకుని నీటిమట్టం ఒకటేనా అని చూసి, అప్పుడు మొదలుపెట్టండి.

గేటు దగ్గర చాలామంది మర్చిపోయేది ఒకటుంది. గేటు రెక్క లోపలికి తెరుచుకుంటుంది, దారి ఒక పక్కకి ఎత్తు. మూసి ఉన్నప్పుడు గేటు కింద సందు చూసి సరిపోయిందనుకుంటారు. తెరిస్తే ఎత్తు పక్కన రెక్క బ్లాకులకి గీసుకుంటుంది. రెక్కని పూర్తిగా తెరిచి, కొన ఆగేచోట కొలవండి. కనీసం అంగుళం సందు మిగలాలి. మొదటి మెట్టు ఎత్తూ అప్పుడే చూసుకోండి. అక్కడ దారి రెండంగుళాలు లేచిందంటే ఆ మెట్టు మిగతావాటికంటే పొట్టిదై రోజూ కాలు తడబడుతుంది.

మిగతా పని

ముప్పావు ఇంచీ జి.ఐ. (జింకు పూత ఇనుప) పైపులు రెండు గ్రావెల్ మీద పడుకోబెట్టండి. వాటి బయటి కొలత అంగుళం పైచిలుకు. మధ్యలో ఇసుక పోసి పట్టీతో లాగితే మందం సమానంగా వస్తుంది. పైపులు తీసిన గాడి పూడ్చండి. ఇక ఆ ఇసుక మీద కాలు పెట్టొద్దు, పరిచిన బ్లాకుల మీద నిలబడే ముందుకి పరుచుకుంటూ వెళ్లండి. బ్లాకులు అనుకున్న మట్టం కంటే పావంగుళం ఎత్తుగా పరవాలి, మిషన్ తిప్పితే దిగుతాయి.

కెర్బ్ రాళ్లకి కాంక్రీటు బయటి వైపే వేయండి. పల్లం వైపు కెర్బ్ బ్లాకుకి సమానంగా ఉండాలి, వెంట్రుకవాసి కూడా లేవకూడదు. అందానికని రెండు పక్కలా రెండంగుళాలు లేపితే అది నడకదారి కాదు, కాలువ. పాదులో మట్టి కూడా దారి కంటే అంగుళం కిందికి ఉంచండి.

సందుల్లో పొడి సన్న ఇసుక చీపురుతో ఊడ్చి, మిషన్ తిప్పి, మళ్లీ ఊడ్చండి. సిమెంటు పాలు పోయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. పోశారో, లేపడానికి వీలుండాలని పడ్డ శ్రమంతా వృథా.

గేటు లోపల ఒక పెద్ద నాపరాయి, పాలిష్ లేనిది, వాటం కలిపి వేయించండి. బ్లాకుల సందుల మీద ముగ్గు కుదరదు, ఇంట్లో ఆడవాళ్లు ఊరుకోరు. గేటు బయట కాలువ మీద అసోసియేషన్ ఒప్పుకున్న పలకలే, లేపడానికి వీలుగా, సిమెంటు లేకుండా పెట్టండి. రోడ్డు వైపున్న ఆఖరి రెండు వరసల బ్లాకులకి అంచు కాంక్రీటు వేయించకండి. రోడ్డు మళ్లీ వేసిన ప్రతిసారీ కాస్త ఎత్తు పెరుగుతుంది, ఆ రెండు వరసలూ లేపి సరిచేసుకోవాల్సి వస్తుంది. మొదటి పెద్ద వాన వెలిశాక సందుల్లో ఇసుక దిగిపోతుంది, ఇంకో తట్ట ఇసుక ఊడ్చి నింపండి.