పట్టు తప్పిన చేతులకు గ్యాస్ పొయ్యి నాబ్‌ని లివర్‌గా మార్చడం ఎలా?

కీళ్లవాతం వచ్చినా, పక్షవాతం నుంచి కోలుకుంటున్నా వంటింట్లో ముందుగా మొరాయించేది గ్యాస్ నాబ్. వేళ్ల కొసలతో గట్టిగా పట్టుకోవాలి, లోపలికి నొక్కాలి, నొక్కి ఉంచే తిప్పాలి. మూడూ ఒక్కసారే. ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ కొండల్లో చలికాలం పొద్దున్న కొంకర్లు పోయిన వేళ్లతో ఇది ఇంకా కష్టం. దీనికోసం కొత్త పొయ్యి కొనక్కర్లేదు. నాబ్ మీద లివర్‌లా, అంటే మీటలా, ఒక పట్టీ బిగిస్తే సరిపోతుంది. అయితే ఆ పట్టీ ఎటు చూడాలన్న దగ్గరే చాలామంది బోల్తా కొడతారు.

కావలసిన సామాను కొంచెమే. గ్రిల్ షాపు తుక్కులో దొరికే అల్యూమినియం పట్టీ: 20 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం, 8 సెం.మీ. పొడవు. 3 మి.మీ. స్టెయిన్‌లెస్ స్క్రూలు రెండు, వాటికి నైలాన్ లాక్ నట్లు. మీ పొయ్యి మోడల్‌దే ఒక స్పేర్ నాబ్. మామూలు ఇనుప స్క్రూలు వద్దు. బరంపురం, గోపాల్‌పూర్ ఉప్పుగాలికి అవి తుప్పు పట్టి, విప్పబోతే తల ఊడి వస్తాయి.

ముందు రెగ్యులేటర్ ఆపి నాబ్ తిప్పి చూడండి. మంచి చేతికి కూడా బిగుతుగా ఉంటే పని అక్కడే ఆపి మెకానిక్‌ని పిలవండి. జామైన వాల్వ్‌కి లివర్ తగిలిస్తే లోపలి కడ్డీ విరుగుతుంది. కొందరు అందులో కొబ్బరినూనె పోస్తారు. నాలుగు రోజులు మెత్తగా తిరుగుతుంది, ఆ తర్వాత నూనె జిగురై ఇంకా బిగుసుకుంటుంది.

పట్టీ పొడవు లెక్క తేలికే. నాబ్ 4 సెం.మీ. ఉంటే మధ్య నుంచి అంచుకి 2 సెం.మీ. పట్టీ కొస మధ్య నుంచి 6 సెం.మీ. దూరంలో ఉంటే తిప్పడానికి మూడో వంతు బలం చాలు. వికలాంగుల కోసం అమెరికాలో ఉన్న ఏడీఏ చట్టం ప్రమాణాల్లో చేతితో తిప్పే భాగాలకు 22.2 న్యూటన్ల హద్దు ఉంది, అంటే సుమారు 2.25 కిలోలు. గట్టిగా పట్టుకోవడం, గిల్లినట్టు పట్టడం, మణికట్టు మెలితిప్పడం ఉండకూడదని కూడా అందులో ఉంది. అయితే అది గరిష్ఠ హద్దు మాత్రమే. కీళ్లు వాచిన చేతికి అందులో సగం కూడా ఎక్కువ కావచ్చు. సంచులు తూచే కొక్కెం తూకం పట్టీ కొసకి తగిలించి లాగితే అర కిలో లోపే తిరగాలి.

ఇక అసలు పని. మన పొయ్యిల్లో చాలావాటికి ఆపినప్పుడు నాబ్ గుర్తు పైకి ఉంటుంది. నొక్కి ఎడమకు తిప్పితే పెద్ద మంట, ఇంకా తిప్పితే సిమ్. గుర్తు పైకి ఉంది కదా అని అందరూ పట్టీని కూడా పైకే పెడతారు. అలా పెడితే పట్టీ బరువు వాల్వ్‌ని తెరిచే వైపుకే ఒరుగుతుంది. నొక్కితేగాని తిరగని లాక్ ఉంటుంది నిజమే, కానీ పాత పొయ్యిల్లో ఆ లాక్ అరిగిపోయి ఉంటుంది. చీర చెంగు తగిలినా, గిన్నె దింపుతుంటే చెయ్యి తగిలినా గ్యాస్ తెరుచుకుంటుంది. మంట ఉండదు, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. కిందికి పెట్టినా లాభం లేదు. గట్టు తుడిచే గుడ్డ దాన్ని నెడుతుంది.

నాబ్ ఆపి ఉన్నప్పుడు పట్టీ అడ్డంగా, కుడివైపు చూడాలి. అప్పుడు వెలిగించాలంటే పట్టీని పైకి ఎత్తాలి, దాని బరువేమో మూసే వైపే లాగుతూ ఉంటుంది. పెద్ద మంటకి నిటారుగా, సిమ్‌కి ఎడమకి వస్తుంది. మీ పొయ్యి మరోలా తిరిగితే దిక్కు మార్చుకోండి, సూత్రం మాత్రం మారదు: ఆపి ఉన్నప్పుడు బరువు మూసే వైపే లాగాలి. ఈ కొలత అల్యూమినియం పట్టీ దాదాపు 13 గ్రాములు. అదే ఇనుమైతే దానికి మూడింతలు, అంత బరువు నాబ్‌కి తగిలించకూడదు. కొస పొయ్యి అంచు దాటి బయటికి రాకూడదు, నిటారుగా ఉన్నప్పుడు గిన్నె అడుగుకి తగలకూడదు. తగిలేలా ఉంటే ఒక సెంటీమీటరు కోసేయండి.

డ్రిల్లు స్పేర్ నాబ్‌కే పెట్టండి. మధ్యలో కడ్డీ దూరే గొట్టం ఉంటుంది. రంధ్రాలు దానికీ అంచుకీ నడుమ పడాలి. నాబ్ బేకలైట్ (గట్టిగా, పెళుసుగా ఉండే ప్లాస్టిక్) అయితే ముందు 2 మి.మీ., తర్వాత 3 మి.మీ. బిట్టుతో నిదానంగా పెట్టాలి, తొందరపడితే పగులుతుంది. నట్టు నాబ్ వెనక అంచు కన్నా బయటికి పొడుచుకు రాకూడదు. వస్తే నాబ్ నొక్కినప్పుడు ముందే ప్యానెల్‌కి తగిలి లాక్ విడవదు. అది తెలియక పొయ్యే పాడైందనుకుంటారు. స్క్రూలు బిగించకుండా ఎపాక్సీ ముద్దతో అతికించడం నేను ఒప్పుకోను. వేడీ నూనె జిడ్డూ కలిస్తే ఏదో ఒకరోజు పట్టీ చేతిలోకి వస్తుంది.

బిగించాక వాడే తీరు నేర్పాలి. కొస దగ్గర నొక్కితే నాబ్ ఒక పక్కకి వాలి ఇరుక్కుంటుంది. అరచేతి అడుగు భాగం నాబ్ నడిమిన ఆన్చి నొక్కి, పట్టీని వేళ్లతో కిందినుంచి ఎత్తాలి. పట్టీ 20 మి.మీ. వెడల్పు ఉండాలన్నది ఇందుకే, సన్నదైతే వేలిలో గుచ్చుకుంటుంది. కొసలు ఆకురాయితో గుండ్రంగా చేయండి.

గరిటెలూ అట్లకాడలూ తేలిక. సైకిల్ షాపులో పాత ట్యూబ్ అడిగి, పిడి 3 నుంచి 4 సెం.మీ. లావు అయ్యేదాకా బిగుతుగా చుట్టి కట్టండి. ఇంటర్నెట్‌లో అమ్మే మెత్తని సిలికాన్ తొడుగులు వద్దు, నూనె తగలగానే పిడి చుట్టూ తిరిగిపోతాయి. కూరలు తరగడానికైతే ఏ కొత్త చాకూ కత్తిపీట ముందు నిలవదు. ఒడియా ఇళ్లలో ‘పనికి’ అని పిలిచేది దాన్నే. కాలితో అదిమి రెండు చేతులా నెట్టే పనిముట్టుకి వేళ్ల పట్టుతో పనేముంది? మోకాళ్లు కిందకి వంగని వాళ్లకి దాన్నే చెక్కకి బిగించి గట్టు మీద పెట్టండి, చెక్క కదలకుండా రెండు క్లాంపులు వేయండి.

ఇంట్లో చిన్న పిల్లలుంటే లివర్ వాళ్లకీ తేలికే. వంట అవగానే రెగ్యులేటర్ ఆపేయండి. దాని నాబ్‌కి మాత్రం ఏమీ బిగించకండి. చెయ్యి తిరగకపోతే ఆ పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి.