పాత అంబాసిడర్ మడ్‌గార్డ్‌కి లప్పం పెట్టించే ముందు
పాత అంబాసిడర్‌ని బాగు చేయిస్తున్నవాళ్లు ముందు ఒక చిన్న అయస్కాంతాన్ని గీతలు పడకుండా పల్చటి గుడ్డలో చుట్టి మడ్‌గార్డ్‌ల మీద, ముఖ్యంగా చక్రం పైనున్న వంపు అంచు వెంబడి మెల్లగా జరపండి. ఎక్కడ పట్టు వదిలేస్తే అక్కడ రంగు కింద మందంగా మెత్తిన లప్పం ఉన్నట్టే. దాన్నంతా గీకించి, తుప్పు తిన్న రేకు కోయించి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాలి తప్ప దాని మీదే మళ్లీ పూయనివ్వకండి, మా బండికి అలా చేస్తే ఒక్క వానాకాలానికే బుడగలు లేచాయి. లోపలి అంచు మడతలో పేరుకున్న మట్టి కూడా తీయించండి, తేమ నిలిచేది అక్కడే. ఇంకోటి, మెరిసేలా రుద్దిన రేకును రాత్రంతా అలా వదలొద్దు, తుప్పు పట్టకుండా అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొట్టించండి.